నడిమి పికప్‌కి ఎన్ని చుట్లు?

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. అందరికీ వైండింగ్ అక్క. స్కూలు పిల్లలకీ అక్కే, డెబ్భై ఏళ్ళ పెద్దాయనకీ అక్కే. కాలిపోయిన మోటార్లలోంచి మాడిన రాగి తీగ పీకి కొత్త తీగ చుట్టడం ఆవిడ పని. ఫ్యాను, మిక్సీ, నీళ్ళ మోటారు, ఏదైనా సరే, బల్ల మీద పెట్టి స్విచ్ వేస్తే తల కొంచెం పక్కకి వంచి వినేది. "తీగ బాగానే ఉంది, బేరింగు పోయింది" అనో, "లోపల రెండు చుట్లు కలిసిపోయాయి" అనో చెప్పేసేది. విప్పి చూస్తే అలాగే ఉండేది. చెవిలో మీటరు పెట్టుకుని పుట్టిందని పక్క షాపు తాళాలాయన అంటుండేవాడు.

ఇరవై రెండేళ్ళప్పుడు ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. మామగారు వైండింగు మేస్త్రీ. కొడుకు తన పని అందుకుంటాడని ఆయన ఆశ. కొడుక్కేమో స్క్రూడ్రైవరు చూస్తేనే చేతులు వెనక్కి పోయేవి. సర్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి మ్యాపుల మధ్య హాయిగా స్థిరపడిపోయాడు. మామగారికి చూపు మందగించాక తీగ చుట్టే మిషను మీద తిరిగే చుట్ల అంకెలు కనపడేవి కావు. ఒకరోజు ముందు గదిలోంచి, "అమ్మా, కాస్త ఈ నంబరు చదివి పెడతావా" అని కేకేశాడు. కోడలు చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళి చదివింది. నాలుగు రోజులు చదివాక, "పై కాయిల్‌కి అరవై చుట్లు తక్కువ వేశారెందుకు మామయ్యగారూ?" అని అడిగింది.

ఆయన పిడి తిప్పడం ఆపాడు. "తక్కువని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రోజూ రాసుకుంటున్నాగా."

మర్నాటి నుంచి మిషను ముందు కుర్చీ ఆవిడదైపోయింది. మామగారు పోయి పదకొండేళ్ళయినా ఆ కుర్చీ ఆవిడదే.

ఈమధ్య పని పలచబడింది. ఫ్యాను కాలితే చుట్టించే రోజులు పోయాయి, కొత్తది కొనుక్కుంటున్నారు. మధ్యాహ్నాలు ఖాళీ. ఖాళీగా ఉంటే ఆవిడకి చేతులు ఊరుకోవు. కాలింగ్ బెల్లు విప్పేది, పారేసిన రేడియో విప్పేది, పక్కింటి పాప బొమ్మ కారు విప్పేది. బాగు చెయ్యడానికి కాదు, లోపల ఏముందో చూడ్డానికి. చూసి, మళ్ళీ బిగించి ఇచ్చేసేది. "విప్పకుండా వదిలేసిన వస్తువు ఈ ఇంట్లో నేనొక్కణ్ణే" అనేవాడు భర్త.

ఆ భర్తకి ఒక చెల్లెలు. నలభై ఎనిమిదేళ్ళు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ హెడ్ నర్సు. ఆవిడ కనుబొమ్మ ఎత్తితే పదమూడు మంది నర్సులు నిటారుగా నిలబడతారు. అయినా ఈ ఇంట్లో చిట్టే. చిట్టికి నలభై దాటాక గిటారు పిచ్చి పట్టింది. ఆసుపత్రి వాళ్ళంతా కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. మందుల కౌంటరాయన డ్రమ్సు వాయిస్తాడు, అంబులెన్సు డ్రైవరు బేసు గిటారు, మత్తు డాక్టరు పాడతాడు. ఆయన పాడుతుంటే జనం మెలకువగానే ఉండటం వైద్యశాస్త్రానికి అందని విషయమని చిట్టి జోకు.

వదినా ఆడపడుచుల మధ్య ఎప్పుడూ గొడవల్లేవు. అలాగని మనసు విప్పి మాట్లాడుకునేంత దగ్గరా లేదు. చిట్టి వచ్చినప్పుడల్లా షాపులో ఒక్క నిమిషం ఆగేది కాదు. బల్లల మధ్య నుంచి తల వంచుకుని సరాసరి వెనక గదికి వెళ్ళిపోయేది. తెల్లబట్టల మనిషికి వార్నిష్ వాసన పడదు కాబోలు అని వదిన సరిపెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళుగా అలాగే సరిపెట్టుకుంటోంది.

అందుకే, ఒక పొద్దున చిట్టి గిటారు సంచి భుజాన వేసుకొచ్చి షాపులోనే ఆగి, "వదినా, ఒక టంకం పని ఉంది, చేసి పెడతావా?" అన్నప్పుడు ఆవిడ చేతిలో కత్తెర పక్కన పెట్టేసి కుర్చీ లాగింది.

"ఏంటది?"

చిట్టి గిటారు బల్ల మీద పడుకోబెట్టింది. ల్యాబు పనాయన దగ్గర పాతదిగా కొన్నది. తంతుల కింద ఒక చివర ఒక దిమ్మ, ఇంకో చివర ఇంకో దిమ్మ, రెండూ వెడల్పుగా ఉన్నాయి. మధ్యలో సన్నటి గాడి, దాని మీద నల్ల ప్లాస్టిక్ మూత.

"వీటిని పికప్‌లంటారు. తంతి ఊగితే ఆ ఊపుని కరెంటుగా మార్చి స్పీకరు బాక్సుకి పంపుతాయి. ఈ లావు రెండింటినీ హంబకర్లంటారు. మధ్యలో సన్నది, సింగిల్ కాయిల్ ఉండాలి. పాత ఓనరు పీకేశాడు."

"లోపల ఏముంటుంది?"

"అయస్కాంతం, దాని చుట్టూ తీగ. అంతే."

వైండింగ్ అక్క ముఖం మీద దీపం వేసినట్టయింది. "అంటే మన పనే కదమ్మా! ముప్ఫై ఏళ్ళుగా తీగలోకి కరెంటు పంపి తిప్పుతున్నాను. ఇది తిరగేసి చేస్తోందన్నమాట."

చిట్టి సంచిలోంచి రెండు చిన్న పెట్టెలు తీసింది. మ్యూజిక్ షాపులో కొన్న రెండు సింగిల్ కాయిళ్ళు. షాపాయన, "రెండు హంబకర్లుండగా మధ్యలో ఇంకోటెందుకండీ, వాయించే చేతికి అడ్డం తప్ప" అన్నాడట. ఆవిడ వినలేదు. మత్తు డాక్టరు పాడే ఒక పాటలో ఆయన గొంతు బాగా దించి నాలుగు లైన్లు పాడతాడు. అక్కడ గిటారు గాజు గ్లాసు మీద చెంచాతో తట్టినట్టు పలకాలి. హంబకర్లతో ఎంత మెల్లగా వాయించినా దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టే ఉంది.

"ఏది బాగుంటుందో పెట్టి చూస్తే గానీ తెలియదు. ముందు ఇది పెట్టు" అంది.

వదిన పెట్టింది. చిన్న బాక్సు తెచ్చి మోటార్ల మధ్య నిలబెట్టారు. చిట్టి ముందుగా ఒక చివరి దిమ్మతో వాయించింది. గది నిండింది. తర్వాత స్విచ్ మధ్యకి తిప్పింది. గొంతు తేటగా ఉంది, తంతి మీద గోరు తగలడం కూడా వినిపించేంత తేట. కానీ చిన్నది. ఎవరో గదిలోంచి లేచి వీధిలోకి వెళ్ళి మాట్లాడుతున్నట్టుంది. దానికి తోడు గుంయ్‌మని రొద ఒకటి.

"చిన్నగా ఉంది" అంది చిట్టి.

వదిన చెవి మాత్రం రొద దగ్గరే ఆగిపోయింది. ఆవిడకి ఆ రొద బాగా తెలుసు. ప్రతి మోటారులోనూ, ప్రతి ట్రాన్స్‌ఫార్మరులోనూ ఉండేదే. "మధ్యది రొద పెడుతోంది. లావువి పెట్టడం లేదేం?"

"వాటిలో రెండేసి కాయిళ్ళుంటాయి వదినా. రొద తగ్గించడానికే అలా చేస్తారట."

"ఎలా తగ్గుతుంది?"

"అది నాకు తెలియదు."

తెలియదన్న మాట వైండింగ్ అక్కకి పంటి కింద రాయిలా తగిలింది. చిట్టిని వెనక గదిలోకి పంపి పడుకోమంది. పాపం రాత్రంతా డ్యూటీ చేసి వచ్చింది. తను మాత్రం ఆ చివరి దిమ్మ మరలు విప్పి బయటికి తీసి ముందు పెట్టుకుంది. లోపల పక్కపక్కనే రెండు కాయిళ్ళు, వెంట్రుక కంటే సన్నటి తీగ. ఒకటి కుడికి చుట్టి ఉంది, రెండోది ఎడమకి. సరే, ఇంతవరకూ అర్థమైంది. రొద గోడల్లో కరెంటు నుంచి, దీపాల నుంచి వస్తుంది, రెంటికీ సమానంగా తగులుతుంది. ఎదురెదురు దిక్కులకి చుట్టారు గనక ఒకదాని రొద రెండోది మింగేస్తుంది. మరైతే తంతి మోత కూడా అలాగే మింగేయాలి కదా? మిగిలిందెలా?

ఆ ప్రశ్న ఆవిణ్ణి మధ్యాహ్నం దాకా వదల్లేదు. భర్త భోజనానికొచ్చాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతోంది తప్ప తినడం లేదు. ఉన్నట్టుండి తలెత్తి, "మీ దిక్సూచి సంచిలోనే ఉందా?" అంది.

"ఉంది. ఎక్కడికి ప్రయాణం? దారి తప్పుతావని భయమా?"

"ఇలా ఇవ్వండి."

ఎడం చేత్తోనే దిక్సూచి పట్టుకెళ్ళి మొదటి కాయిల్ మీద పెట్టింది. ముల్లు తల ఇటు తిరిగింది. రెండో కాయిల్ మీదకి జరిపింది. ముల్లు గిర్రున తిరిగి తోక చూపించింది.

"అమ్మ దొంగా" అని నవ్వుకుంది.

చిట్టి నిద్ర లేచి వచ్చేసరికి బల్ల మీద బొమ్మ గీసి ఉంది. వదిన వేలుతో చూపించింది. "రొదకి అయస్కాంతంతో పని లేదు. తీగ ఏ దిక్కుకి చుట్టారన్నదే దానికి లెక్క. తంతి మోత అలా కాదు, తీగ దిక్కూ చూస్తుంది, అయస్కాంతం దిక్కూ చూస్తుంది. ఇందులో తీగా తిరగేశారు, అయస్కాంతమూ తిరగేశారు. రెండుసార్లు తిరగేస్తే..."

"కాదు కాదంటే అవునన్నట్టు" అంది చిట్టి.

"అదీ. రొద పోయింది, మోత మిగిలింది. ఎవడో గానీ గట్టివాడు."

ఇద్దరూ కాసేపు ఆ బొమ్మకేసి చూస్తూ కూర్చున్నారు. చిట్టి షాపులో అంతసేపు కూర్చోవడం అదే మొదలు.

విప్పిన దిమ్మ మళ్ళీ బిగించి, మొదటిది తీసి రెండో పికప్ పెట్టారు. ఇది జబర్దస్తీ మనిషి. కింద అడ్డంగా పెద్ద అయస్కాంతం పలక ఉంది. చప్పుడు హంబకర్లకి సరిపోయింది. ఈ గిటారు స్విచ్‌లో ఒక చోట మధ్య పికప్పూ, పక్క హంబకర్‌లోని ఒక కాయిలూ కలిసి పలుకుతాయి. అక్కడికి తిప్పగానే చిట్టి మొహం చిట్లించింది. ముక్కు మూసుకుని మాట్లాడినట్టు పీలగా వస్తోంది. విచిత్రమేంటంటే రొద అసలు లేదు.

"తీగలు అటూ ఇటూ మార్చి టంకం వేస్తే బాగుపడుతుందని ఎక్కడో చదివాను" అంది చిట్టి.

మార్చారు. గొంతు నిండుగా వచ్చింది. రొద కూడా వచ్చింది.

చిట్టి నిట్టూర్చింది. "ఏదో ఒకటే దొరుకుతుందన్నమాట."

"ఆగు." వదిన తల పక్కకి వంచింది. "ఇందాక రొద లేదు, పీలగా ఉంది. అంటే తీగ సరిగ్గానే ఎదురుగా ఉంది. అయస్కాంతమొక్కటే తిరగలేదు. మనం తిప్పాల్సింది వదిలేసి తిప్పకూడనిది తిప్పాం." తీగలు మళ్ళీ పాతచోటే అతికించి, కింద పలకని ఊడదీసి, బోర్లా తిప్పి అంటించింది. చిట్టి వాయించింది. నిండైన గొంతు, వెనకాల నిశ్శబ్దం.

చిట్టి వాయించడం ఆపి వదిన చేతులకేసి చూసింది.

అంతా బాగానే ఉంది, కానీ ఈ పికప్ గొంతే మంచిది కాదు. పై తంతులు చెవిలో పుల్ల పెట్టినట్టు గుచ్చుకుంటున్నాయి. అయస్కాంతం బలం ఎక్కువై తంతుల్ని లాగుతోంది కాబోలు, గిటారు మెడ పైభాగంలో వాయిస్తే శ్రుతి వణుకుతోంది. కిందికి దించితే వణుకు పోయింది, కానీ చప్పుడూ పోయింది.

"మొదటిదాని గొంతు మంచిది, బలం లేదు. దీనికి బలముంది, గొంతు లేదు" అంది వదిన. ఆవిడ కళ్ళు అప్పటికే మొదటి పికప్ మీదున్నాయి. "దాని తీగ విప్పేసి నేను చుడతాను. చుట్లు పెంచితే బలం పెరుగుతుంది."

"అంత సన్న తీగ నీ దగ్గరుందా?"

"మీటర్ల రిపేరాయన దగ్గరుంటుంది."

పాత తీగ విప్పుతూ లెక్క పెట్టింది. ఏడు వేల ఆరు వందల చిల్లర. పది వేలు వేద్దామనుకుంది. నీళ్ళ మోటార్లు చుట్టిన చేతికి ఆ తీగ ఉన్నట్టే తెలిసేది కాదు. ఊపిరి వదిలితే ఎగిరేది. నాలుగు వందల దగ్గర ఒకసారి, రెండు వేల దగ్గర ఒకసారి, ఆరు వేలకి కొంచెం ముందు ఇంకోసారి పుటుక్కున తెగింది. మూడు మధ్యాహ్నాలు పట్టింది. చిట్టి మూడు రోజులూ డ్యూటీ చూసుకుని వచ్చి పక్కనే స్టూలు మీద కూర్చుంది. "కాస్త నేను తిప్పనా?" అని ఒకసారి అడిగింది. "వద్దులేమ్మా, తెగుతుంది" అంది వదిన, అంకెల మీంచి కళ్ళు తియ్యకుండా. పది వేలూ పడ్డాయి. పక్క కాయిల్‌తో కలిసినప్పుడు పీలగా రాకుండా, లోపలి అయస్కాంతపు కడ్డీల్ని రెండు బలమైన అయస్కాంతాల మధ్య పెట్టి దిక్కు కూడా మార్చింది. పెట్టి చూస్తే చప్పుడు హంబకర్లకి ఏమాత్రం తీసిపోలేదు.

ఆదివారం మధ్యాహ్నం రిహార్సల్‌కి వదిన కూడా వెళ్ళింది. ఆసుపత్రి కింది అంతస్తులో, నడక నేర్పే కడ్డీలూ రబ్బరు బంతులూ ఉన్న గది. తను చుట్టిన తీగ అంతమంది మధ్య పలుకుతుంటే ఆవిడకి ఒళ్ళు పులకరించింది. మందుల కౌంటరాయన, "అదిరిందండీ" అన్నాడు. మత్తు డాక్టరు వచ్చి కరచాలనం చేశాడు. చిట్టి మాత్రం గిటారు తుడిచి సంచిలో పెట్టుకుంది.

బస్టాపులో వదిన అడిగింది. "బాగాలేదా?"

"బాగుంది వదినా."

"ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను నిన్ను. బాగుంటే నీ నోరు ఊరుకోదు."

చిట్టి సంచి నేల మీద ఆనించింది. "స్విచ్ ఎటు తిప్పినా ఒకేలా ఉంది. మూడూ లావు గొంతులే. నాకు మూడో లావు గొంతెందుకు? మొదట వచ్చినప్పుడు చిన్నగా పలికినా దానికంటూ ఒక గొంతుండేది."

"చిన్నగా ఉందని నువ్వేగా అన్నావు?"

"అన్నాను. పది వేలు చుట్టమనలేదు. ఎంత చుట్టాలో నన్ను అడిగావా? మూడు రోజులు పక్కనే కూర్చున్నాను, ఒక్క చుట్టు వెయ్యనిచ్చావా? నాన్నా అంతే. 'ఆ చేతులు సూదులకి దాచుకో, తీగలకెందుకు' అనేవాడు."

వదిన నిర్ఘాంతపోయింది. "నీకు షాపంటే అసహ్యమనుకున్నాను."

"అసహ్యమా?" చిట్టి నవ్వింది గానీ ఆ నవ్వు సరిగ్గా రాలేదు. "ఆ కుర్చీలో నిన్ను చూస్తూ నిలబడలేక లోపలికి పోయేదాన్ని. నాన్న నంబరు చదవమని కేకేసిన రోజు గుర్తుందా? 'అమ్మా' అన్నాడు. నన్నూ అమ్మా అనేవాడు, నిన్నూ అమ్మా అనేవాడు. నేను పుస్తకం మూసి లేచేసరికి నువ్వు వెళ్ళి నిలబడున్నావు."

బస్సు వచ్చింది. ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. వదిన కిటికీలోంచి చూస్తూ ఆ కేకని గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించింది. వంటగదిలో ఉంది తను, చెయ్యి తడిగా ఉంది, అంతవరకూ గుర్తుంది. గొంతు ఎటు తిరిగి పిలిచిందో ఎంత ఆలోచించినా తేలలేదు. మోటారు కూత బట్టి జబ్బు చెప్పే చెవికి, ఇంట్లో మనిషి ముప్ఫై ఏళ్ళు తలవంచుకుని నడిచి వెళ్ళిన చప్పుడు వినపడలేదు. ఆ సంగతి ఆవిడకి బాధగానూ ఉంది, వింతగానూ ఉంది.

దిగాక షాపు తలుపు దగ్గర ఆగి, "వచ్చే సెలవు ఎప్పుడు నీకు?" అంది.

"బుధవారం."

"పొద్దున్నే రా. పాత చీర కట్టుకుని రా, వార్నిష్ అంటుకుంటుంది."

బుధవారం చిట్టి వచ్చేసరికి పది వేల చుట్లూ విప్పేసి ఉన్నాయి. మిషను ముందు కుర్చీ ఖాళీగా ఉంది. వదిన పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. చిట్టి ఒక క్షణం కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, తర్వాత కూర్చుంది.

"ఎన్ని వేద్దాం?" అడిగింది వదిన.

"పాతదానికి దగ్గరగా. ఏడున్నర వేలు."

"సరే. తీగని రెండు వేళ్ళ మధ్య పట్టుకో. గట్టిగా కాదు. నాడి చూస్తావే, అలాగ."

అది చిట్టికి చెప్పక్కర్లేదు. ఇరవై ఏడేళ్ళుగా పసిపిల్లల నరాలు వెతికి సూది గుచ్చిన చేతులవి. పిడి కుదురుగా తిరిగింది. తీగ ఆ చివర నుంచి ఈ చివరకి పట్టులా పరుచుకుంటూ పోయింది. రెండు వేలు దాటాయి, మూడు వేలు దాటాయి. వదిన, తను మూడుసార్లు తెంపిన తీగ ఆ వేళ్ళలో ఎలా నిలుస్తోందో కనిపెడదామని దగ్గరికి వంగింది. తను లాగి చుట్టేది, చిట్టి వదిలి చుడుతోంది. తీగ అడిగినంతే ఇస్తోంది. ఆ సంగతి మామగారు తనకెప్పుడూ చెప్పలేదు. ఆయనకి మాత్రం తెలుసో లేదో.

ఆరు వేల ఎనిమిది వందల నలభై దగ్గర వీధిలో ఎవరో షట్టరు దభాల్న దించారు. చిట్టి చెయ్యి అదిరింది. తీగ తెగింది.

"పోనీలే, మళ్ళీ మొదలెడదాం" అంది వదిన, కొత్త తీగ కోసం చెయ్యి చాచి.

"ఉండు. ఇదెలా ఉంటుందో ముందు విందాం."

"దాదాపు ఏడు వందలు తక్కువ. మొదటిదాని కంటే చిన్నగా పలుకుతుంది."

"పలకనీ, వింటే పోయిందేముంది?"

అది వైండింగ్ అక్క రోజుకి పదిసార్లు అనే మాట. ఇంకేం ఎదురు చెబుతుంది? టంకం వేసి బిగించింది. నిజంగానే చిన్నగా పలికింది. కానీ ఆ చిన్న గొంతు ఎంత తేటగా ఉందంటే, బల్ల మీద ఖాళీ టీ గ్లాసు కూడా దాంతో పాటు సన్నగా మోగింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"గొంతు ఇదే. కానీ లావువి రెండూ కలిస్తే దీన్ని తొక్కేస్తాయి" అంది చిట్టి. కాసేపు గిటారుకేసి చూసి స్క్రూడ్రైవరు అందుకుంది. "వదినా, మనం ఇన్నాళ్ళూ చిన్నదాన్ని ఎలా పెంచాలా అనే చూశాం. లావువాటిని దించితే?"

"దించితే వాటి చప్పుడు తగ్గిపోదూ?"

"తగ్గితే బాక్సు పెంచుకుంటాం. అందుకేగా బాక్సుకి గుండ్రటి బిళ్ళ ఉన్నది."

హంబకర్ల పక్క మరలు తిప్పి రెండింటినీ తంతులకి దూరంగా దించింది. ఒక్కో పావు తిప్పు తిప్పడం, వాయించడం, స్విచ్ మార్చడం, మళ్ళీ తిప్పడం. వదిన కళ్ళు మూసుకుని వింటూ, "కుడి చివరది ఇంకొంచెం... ఆ, చాలు" అంటోంది. గంట గడిచింది. ఆఖరికి మూడూ సమంగా నిలిచాయి. ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. దించాక హంబకర్లు కప్పుకున్న దుప్పటి కూడా కొంచెం జారింది. అవి కూడా ముందుకంటే తేటగా పలికాయి. ఎందుకలా అని వదిన అడిగింది. చిట్టికి తెలియదు. వదిన కాయితం మీద ఆ ప్రశ్న రాసుకుంది.

ఆసుపత్రి వార్షికోత్సవంలో ఆ పాట వాయించారు. వదినా భర్తా నాలుగో వరసలో కూర్చున్నారు. మత్తు డాక్టరు గొంతు దించిన చోట చిట్టి స్విచ్ మధ్యకి తిప్పింది. నాలుగు లైన్లు, అంతే. హాల్లో మూడు వందల మందిలో ఎవరూ ప్రత్యేకంగా గమనించినట్టు లేరు. ముందు వరసలో ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. వదిన పక్కనే భర్త మాత్రం, "అదేంటి, నీళ్ళల్లోంచి వచ్చినట్టుంది" అన్నాడు. సర్వే మ్యాపులు తప్ప ఏదీ పట్టని మనిషి ఆ మాట అన్నాడంటే చాలనుకుంది వదిన. తర్వాత చిట్టితో చెబితే, "అన్నయ్య మెలకువగా ఉన్నాడా?" అంది.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా మ్యూజిక్ షాపాయనకి చేరింది. నడిమి పికప్ చేతికి అడ్డమన్న ఆయనే చచ్చిపోయిన పికప్‌లు మూడు కాయితంలో చుట్టి పంపాడు. తర్వాత ఇంకో రెండొచ్చాయి. మోటార్ల పక్కన ఇప్పుడు వాటికో చిన్న బల్ల ఉంది. లావు తీగ పని వదినది, సన్న తీగ పని చిట్టిది. సెలవు రోజున చిట్టి పాత చీర కట్టుకుని వస్తుంది. ఇద్దరికీ పడని చోట్లూ ఉన్నాయి. చుట్లు ఎక్కువ వెయ్యాలని వదిన అంటుంది, తక్కువ చాలని చిట్టి అంటుంది. ఆ వాదన టీ చల్లారేదాకా నడుస్తుంది. పాత రోజుల గురించి బస్టాపులో మాట్లాడిందే తప్ప మళ్ళీ మాట్లాడుకోలేదు. చిట్టి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంటుంది, అంతే.

మొన్న బుధవారం అంబులెన్సు డ్రైవరు తన బేసు గిటారు పికప్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఒక కాయిల్ రెండు ముక్కలుగా కోసి చెరో పక్కకి జరిపినట్టుంది. చిట్టి దిక్సూచి మొదటి ముక్క మీద పెట్టింది, రెండోదాని మీద పెట్టింది. ముల్లు తిరిగింది.

"ఇది మన హంబకర్ లాంటిదే వదినా. మరి రెండూ పక్కపక్కన పెట్టకుండా ఇలా విడగొట్టారెందుకు?"

వైండింగ్ అక్క కళ్ళజోడు సరిచేసుకుని స్టూలు దగ్గరికి లాక్కుంది. "విప్పు, చూద్దాం."